నా చూపు వాళ్లకి ఇబ్బందేమో: కొత్తవాళ్ల కళ్లల్లోకి చూడలేని ఒక అబ్బాయి కేసు

"జనం కళ్లల్లోకి చూడలేకపోతున్నాను" అని వచ్చేవాళ్లకి మనలో చాలామందిమి ఇచ్చే సలహా దాదాపు ఒకటే. ధైర్యంగా చూడు, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకో అంటాం. చాలామందికి అది పనికొస్తుంది కూడా. ఈ అబ్బాయికి మాత్రం ఆ సలహా వల్లే భయం ముదిరింది, ఎందుకు ముదిరిందో తెలిశాకే చికిత్స ముందుకు కదిలింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను. నేను హైదరాబాదులో క్లినికల్ సైకాలజిస్టుని. రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను, రాసింది అతనికి చదివి వినిపించాను. ఊరు, ఉద్యోగం, కుటుంబం విషయాల్లో ఎవరైనా గుర్తుపట్టే వీలున్నవన్నీ మార్చాను, లేదా వదిలేశాను.

నేపథ్యం

వయసు 26. ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. డిగ్రీ అయ్యాక హైదరాబాదు వచ్చి ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో అకౌంట్స్ పనిలో చేరాడు. లోపలి గది, కంప్యూటర్, ఫైళ్లు, అంతే. ఊరి స్నేహితులు ఇద్దరితో కలిసి రూములో ఉంటాడు, వంట అతనిదే. మాట కొంచెం తక్కువే గానీ తెలిసినవాళ్ల మధ్య కలివిడిగా ఉంటాడు, ఆదివారాలు క్రికెట్ ఆడతాడు.

స్నేహితులతో మాట్లాడేటప్పుడు కళ్లల్లోకి చూస్తారా అని అడిగితే కాసేపు ఆలోచించి "ఏమో మేడమ్, ఎప్పుడూ గమనించలేదు" అన్నాడు. ఈ జవాబు నాకు చాలా పనికొచ్చింది. గమనించాల్సిన అవసరమే రాలేదంటే అక్కడ ఇబ్బంది లేదన్నమాట. చూపు కలపడం అతనికి చేతకాని పని కాదు, కొన్ని చోట్ల ఆగిపోతోంది. ఏ చోట్ల, ఎందుకు అన్నదే మా పని.

సమస్య ఎలా బయటపడింది

ఆఫీసులో అతన్ని లోపలి గది నుంచి కస్టమర్లు వచ్చే కౌంటర్‌కి మార్చారు. కౌంటర్‌లో చూపంతా పేపర్ల మీదే. కస్టమర్ ఏదైనా అడిగితే కంప్యూటర్ వైపు తిరిగి జవాబు చెప్తాడు. కొందరు మేనేజరుకి ఫిర్యాదు చేశారు, "ఆ అబ్బాయికి లెక్కలేనితనం, మొహం ఎత్తి మాట్లాడడు" అని. మనిషేమో లోపల వణికిపోతున్నాడు, బయటికి పొగరులా కనిపిస్తున్నాడు. ఈ తేడా తర్వాత చికిత్సకి బాగా ఉపయోగపడింది.

వివరంగా అడిగితే ఆఫీసు చాలా చిన్న భాగం అని తేలింది. కిరాణా కొట్టుకి లిస్టు వాట్సాప్‌లో పంపి, బయట నిలబడి సంచి అందుకుంటాడు. ఎక్కడ డబ్బు కట్టినా ఫోన్‌లో కట్టేసి, స్పీకర్‌లో డబ్బు ముట్టిందన్న మాట వినపడగానే వెనక్కి తిరుగుతాడు, కొట్టువాడి మొహం చూసే పనే ఉండదు. మెట్రోలో మియాపూర్, ఎల్బీ నగర్ లైన్ మీద వెళ్తాడు. ఆ పెట్టెల్లో సీట్లు రెండు వరసలుగా ఎదురెదురుగా ఉంటాయి కదా, ఖాళీగా ఉన్నా కూర్చోడు, తలుపు దగ్గర అద్దం వైపు తిరిగి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడతాడు. సిటీ బస్సు ఎక్కడం పూర్తిగా మానేశాడు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులో చూపు ఎటు తిప్పినా ఎవరో ఒక ఆవిడ ఉంటుందని అతని బాధ. బస్సులో పది నిమిషాల దూరానికి ఎండలో నడుస్తున్నాడు.

ఇంతవరకూ వింటే మామూలు సోషల్ యాంగ్జయిటీ కేసే అనిపిస్తుంది. జనం నన్ను చూసి ఏమనుకుంటారో, నవ్వుకుంటారేమో అన్న భయం. అదే మాట నేను అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. "వాళ్లు నన్ను ఎలా చూస్తారో అని కాదు మేడమ్. నేను చూస్తే వాళ్లకి ఏమవుతుందో అని" అన్నాడు.

ఈ రెండు భయాలు దగ్గరివే గానీ ఒకటి కాదు. మొదటిదాంట్లో దెబ్బ తగిలేది తనకి. రెండోదాంట్లో తన కళ్లే ఎదుటివాళ్లని బాధ పెడతాయి. జపాన్‌లో ఇలాంటి భయాన్ని మోరితా అనే మానసిక వైద్యుడు గత శతాబ్దం తొలి దశకాల్లోనే వివరంగా రాశారు. 'తైజిన్ క్యోఫుషో' అంటారు. తన చూపు, తన వాసన, తన మొహం ఎరుపెక్కడం ఎదుటివాళ్లకి ఇబ్బంది కలిగిస్తుందన్న భయం అది. మానసిక రుగ్మతల నిర్ధారణకి వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 (2013)లో కూడా దీని ప్రస్తావన ఉంది. అది జపాన్ వాళ్ల వ్యవహారం అని వదిలేసేవాళ్లు నాకు తెలుసు. మన దగ్గర కూడా ఉంది, మనం ఆ ప్రశ్న అడగం, అంతే.

ఏది కాదో ముందు తేల్చుకోవడం

రోగ నిర్ధారణ దగ్గర నేను తొందరపడలేదు. చూపు కలపలేకపోవడానికి చాలా కారణాలు ఉంటాయి. ఆటిజం గురించి వాళ్ల అమ్మగారితో ఫోన్‌లో మాట్లాడాను. చిన్నప్పుడు మాటలు, ఆటలు, తోటి పిల్లలతో చేరడం, అన్నీ వయసుకి తగ్గట్టే. పైగా స్నేహితుల దగ్గర చూపు సహజంగా ఉందని ముందే తెలిసింది. భ్రమ ఏమైనా ఉందేమో చూశాను, ఎందుకంటే "నా కళ్లల్లో ఏదో ఉంది" అనే మాట కొన్ని తీవ్రమైన జబ్బుల్లోనూ వస్తుంది. ఇతను మాత్రం "ఇది అర్థం లేని భయం అని నాకే తెలుసు, కానీ ఎదురుగా మనిషి ఉంటే ఆ తెలివి పని చెయ్యదు" అంటాడు. ఆ ఎరుక ఉన్నంతవరకు దారి వేరు.

కంటి డాక్టరు దగ్గరికి కూడా పంపాను. ఇది అనవసరం అని కొందరు అనుకోవచ్చు. కొంచెం మెల్ల ఉన్నా, ఒక రెప్ప కాస్త వాలి ఉన్నా ఎదుటివాళ్లు నిజంగానే ఒక్కక్షణం తికమకపడతారు, అలాంటప్పుడు ఆ మనిషి అనుభవాన్ని భయం అని కొట్టిపారేస్తే అన్యాయం. ఇతనికి అలాంటిదేమీ లేదు.

సోషల్ యాంగ్జయిటీ ఎంత ఉందో కొలిచే లీబోవిట్జ్ స్కేలు వేశాను. 24 సందర్భాలు ఇచ్చి, ఒక్కోదానికి భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని విడివిడిగా 0 నుంచి 3 వరకు మార్కులు వేయిస్తారు. అంతగా పరిచయం లేనివాళ్ల కళ్లల్లోకి చూడటం అనేది ఆ 24లో ఒకటి. ఆ వరసలో రెండు చోట్లా 3 వేశాడు. మొత్తం స్కోరు తీవ్రమైన కోవలోకి వచ్చింది. డిప్రెషన్ లేదు, నిద్ర, ఆకలి బాగున్నాయి. మందుల గురించి సైకియాట్రిస్టుతో మాట్లాడించాను. ఎస్ఎస్ఆర్ఐ మందు (ఆందోళన, డిప్రెషన్‌లకి వాడే ఒక రకం మందు) మొదలుపెట్టవచ్చని ఆయన చెప్పారు, ముందు థెరపీతో చూసి అవసరమైతే అప్పుడు అని అబ్బాయి అడిగాడు. పని మానెయ్యలేదు, ప్రాణాపాయపు ఆలోచనలు లేవు కాబట్టి ఆగొచ్చు అన్నది ముగ్గురం కలిసి తీసుకున్న నిర్ణయం.

నా దగ్గరికి రాకముందు

మేనేజరు సలహా మీద ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సులో చేరాడు. "కళ్లల్లోకి చూడలేకపోతే రెండు కనుబొమ్మల మధ్య చూడండి, ఎదుటివాళ్లకి తేడా తెలియదు" అని నేర్పారు. అద్దం ముందు రోజూ ప్రాక్టీస్ చెయ్యమన్నారు. అతను బుద్ధిగా చేశాడు. ఇంకా మంచి విద్యార్థి కాబట్టి సొంతంగా చదివాడు కూడా. లండన్ సైన్స్ మ్యూజియంలో దాదాపు 500 మంది సందర్శకులతో చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది, తెరమీద మనిషి సూటిగా చూస్తుంటే సగటున 3.3 సెకన్లపాటు హాయిగా అనిపిస్తుందని తేల్చింది. దాంతో కౌంటర్‌లో కూర్చుని మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి చూపు తిప్పేవాడు.

ఒక రోజు ఒక ఆవిడ లోన్ కాగితాలు పట్టుకొచ్చారు. ఇతను ఆవిడ కనుబొమ్మల మధ్య చూపు నిలిపి అంకెలు లెక్కపెడుతున్నాడు, ఆవిడ అడిగింది వినపడలేదు. "ఏంటండీ, అలా చూస్తున్నారు?" అన్నారావిడ. ఏ మాటకి భయపడుతున్నాడో సరిగ్గా ఆ మాట. ఆ రోజు తర్వాత కౌంటర్‌లో తల ఎత్తడం మానేశాడు, మెట్రోలో అద్దం వైపు తిరగడం మొదలైంది కూడా అప్పుడే. ఫ్యామిలీ డాక్టరు ప్రొప్రానొలాల్ ఇచ్చారు, గుండె దడ, చేతుల వణుకు తగ్గాయి, తల మాత్రం లేవలేదు. దడ తగ్గితే చూస్తాడనుకోవడం సహజమే. కానీ ఇతన్ని ఆపుతున్నది దడ కాదు, నేను చూస్తే వాళ్లకి హాని అన్న నమ్మకం. మాత్ర దాని జోలికి పోదు.

మొదటి ప్రణాళిక, దాని ఫలితం

మొదట మెట్లు మెట్లుగా వెళ్లాం. తక్కువ భయం ఉన్నచోట నుంచి ఎక్కువ ఉన్నచోటికి. మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీ గార్డు, చాయ్ బండి, కిరాణా, ఆఫీసు కౌంటర్. ప్రతి మెట్టు దగ్గర భయాన్ని 0 నుంచి 100 వరకు రాసుకోవాలి. మెట్లతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, తప్పించుకోవడం ఇంతగా పేరుకుపోయిన మనిషికి ముందు కాస్త కదలిక రావాలి, ఎక్కడ ఇరుక్కుంటాడో చూస్తే లోపలి యంత్రాంగం కూడా తెలుస్తుంది.

కదలిక వచ్చింది. చెప్పినవన్నీ చేశాడు. కానీ అంకెలు తగ్గలేదు. సెక్యూరిటీ గార్డు దగ్గర మొదట 60, కొన్ని వారాల తర్వాత కూడా 60. మామూలుగా అయితే ఒక సందర్భంలో పదే పదే నిలబడితే భయం కొంతైనా దిగుతుంది, దిగకపోయినా "అనుకున్నంత ఘోరం జరగలేదు" అన్న గ్రహింపు అయినా వస్తుంది. ఇతనికి రెండూ లేవు. "ఈసారి తప్పించుకున్నాను మేడమ్" అంటాడు, ప్రతిసారీ.

తప్పించుకున్నాను అంటున్నాడంటే ఏదో చేసి తప్పించుకుంటున్నాడు. ఆ ఏదో ఏమిటని తవ్వాను. "గార్డు వైపు చూసినప్పుడు మీ మనసు ఎక్కడుంది?" అని అడిగాను. "నా కళ్ల మీదే." ఇంకాస్త అడిగితే జాబితా బయటికొచ్చింది. రెప్పలు కొంచెం వాల్చి చూపుని 'మెత్తగా' చేస్తాడు. పెదాల మీద నవ్వు అతికించి ఉంచుతాడు. అంకెలు లెక్కపెడతాడు. గార్డు మొహం ఎలా ఉందని అడిగితే చెప్పలేకపోయాడు. మీసం ఉందా లేదా కూడా తెలియదు. అన్ని వారాలుగా రోజూ చూస్తున్న మనిషి!

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో సోషల్ యాంగ్జయిటీకి ఇచ్చిన నమూనాలో ఇదే గుండెకాయ. భయపడే మనిషి దృష్టి ఎదుటివాళ్ల మీద నుంచి తనమీదకి తిరుగుతుంది, తను ఎలా కనిపిస్తున్నానో లోపలే ఒక బొమ్మ గీసుకుంటాడు, ఆ బొమ్మనే నిజం అనుకుంటాడు. ప్రమాదం రాకుండా చిన్న చిన్న జాగ్రత్తలు తీసుకుంటాడు, ప్రమాదం రాకపోతే ఆ ఘనత జాగ్రత్తలకే ఇస్తాడు. మా మెట్ల పద్ధతిలో ఇతను మెట్లన్నీ ఎక్కుతున్నాడు గానీ ప్రతి మెట్టు మీదా ఆ జాగ్రత్తలు వెంట తీసుకెళ్తున్నాడు. కోర్సులో నేర్పిన కనుబొమ్మల చిట్కా, సెకన్ల లెక్క కూడా ఆ జాగ్రత్తల్లోకే చేరాయి. ఇక ఆ దారిలో పోవడంలో అర్థం లేదు, ఆపేశాం.

దిష్టి

"మీ చూపు హాని చేస్తుందని మొట్టమొదట ఎప్పుడు అనిపించింది?" అని మొదట్లోనే అడిగాను. ఏమీ గుర్తులేదన్నాడు. ఈ జాబితా రాసుకుంటుంటే, రెప్పలు ఎందుకు వాలుస్తున్నారని అడిగినప్పుడు, తనంతట తనే చెప్పాడు.

ఏడెనిమిదేళ్ల వయసులో చిన్నమ్మ కూతురు పుట్టింది. ఉయ్యాల దగ్గర నిలబడి పాపనే చూస్తూ ఉండేవాడు. ఆ రాత్రి పాపకి వాంతులు, జ్వరం. ఇంట్లో ఒక పెద్దావిడ "వీడి కన్ను పడింది, పొద్దుటి నుంచి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు" అన్నారు. ఎండుమిరపకాయలు, ఉప్పు తీసి పాపకి దిష్టి తీశారు. పాప మర్నాటికి బాగైంది, ఇంట్లో అందరూ ఆ మాట మర్చిపోయారు. ఇతను మర్చిపోలేదు. చిన్నపిల్లలు తినేటప్పుడు ఆ గదిలోంచి లేచి వెళ్లిపోవడం అలవాటైంది. కాలేజీకి వచ్చేసరికి ఆ భయానికి ఇంకొకటి తోడైంది, తన చూపు ఆడపిల్లలకి అసభ్యంగా అనిపిస్తుందేమో అని. పాత భయం, కొత్త భయం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇక్కడ నేను ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. దిష్టి అనేది మూఢనమ్మకం, దానికి ఆధారం లేదు అని వాదించవచ్చు. నేను ఆ వాదనలోకి వెళ్లలేదు. కారణం ఏమిటంటే, ఆ నమ్మకం అతని ఇంటిది, అతను గౌరవించే మనుషులది, నేను గెలిచినా అతను ఇంటికెళ్లి ఓడిపోతాడు. పైగా నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది అని నమ్మే లక్షల మంది హాయిగా నలుగురి కళ్లల్లోకి చూస్తూ బతుకుతున్నారు. అంటే జబ్బు ఆ నమ్మకంలో లేదు. అందరి చూపూ ఒక ఎత్తు, నా చూపు ఒక ఎత్తు అన్న చోట ఉంది. ఆ ప్రత్యేకతని మాత్రమే ముట్టుకోవాలి.

వాళ్లమ్మగారు హైదరాబాదు వచ్చినప్పుడు, అబ్బాయి ఒప్పుకుంటే, ఒక గంట కలిసి కూర్చున్నాం. పాప సంగతి ఆమెకి లీలగా గుర్తుంది. కొడుకు ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాడని విని కాసేపు మాట రాలేదు. తర్వాత ఆమె అన్నదే ఇక్కడ రాస్తున్నాను. "అన్నిటికంటే కన్నతల్లి దిష్టే ఎక్కువ తగులుతుందంటారు కదరా. నేను రోజూ నిన్ను చూడలేదా? చూసి చూసి నేనే దిష్టి తియ్యలేదా? చూడటం మానేశానా మరి?" నేను ఎంత చదివినా ఆ ఇంట్లోంచి ఆ మాట తీసుకురాలేను. అబ్బాయి చాలాసేపు ఏడ్చాడు. అయితే దాంతో అయిపోయిందని అనుకోవద్దు. మర్నాడు మెట్రోలో మళ్లీ అద్దం వైపే తిరిగాడు. మాట మనసుకి తగిలింది, కళ్లకి ఇంకా చేరలేదు.

పనికొచ్చినవి

ముందు నా గదిలోనే ప్రయోగం చేశాం. మూడు రకాలుగా నాతో మాట్లాడమన్నాను. ఒకసారి అసలు చూడకుండా. ఒకసారి కోర్సులో నేర్పినట్టు కనుబొమ్మల మధ్య చూస్తూ, అంకెలు లెక్కపెడుతూ. ఇంకోసారి చూపు గురించి ఏ నియమమూ లేకుండా, నేను చెప్పే విషయాన్ని తర్వాత తిరిగి చెప్పాలన్న ఒక్క షరతుతో. ప్రతిదానికీ ముందు ఒక ఊహ రాయాలి, ఎదుటి మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో. మూడోదే అన్నిటికంటే ఘోరంగా ఉంటుందని రాశాడు, ఎందుకంటే అందులో కళ్లకి కాపలా లేదు. నేనూ నాకు అనిపించింది విడిగా కాగితం మీద రాశాను. మా రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి, ఇంకో సైకాలజిస్టు కూడా ముందే ఒప్పుకుని కూర్చున్నారు. ముగ్గురం రాసింది ఒకేలా ఉంది. రెండోదే ఇబ్బందిగా అనిపించింది, ఆ చూపులో మనిషి లేడు. మొదటిదాంట్లో మామీద కోపంగా ఉన్నాడేమో అనిపించింది. మూడోదాంట్లో చూపు గురించి మాకు ఏమీ గుర్తులేదు.

అది ఫోన్‌లో రికార్డు చేసి చూపించాను. చూపించే ముందు, వీడియోలో మీరు ఎలా కనిపిస్తారో వర్ణించండి అన్నాను. "కళ్లు గుచ్చినట్టు ఉంటాయి" అన్నాడు. ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూడమని చెప్పి ప్లే చేశాను. మొదటి ముక్క చూడగానే "ఇతను ఎంత పొగరుగా ఉన్నాడు" అన్నాడు, తన గురించే. కస్టమర్ల ఫిర్యాదు అతనికి అప్పుడు అర్థమైంది. ఎవర్నీ బాధపెట్టకూడదని చూపు దించుకుంటే, ఆ దించుకోవడమే వాళ్లకి అవమానంగా తగులుతోంది. నేను వంద మాటల్లో చెప్పినా ఇది ఎక్కేది కాదు.

తర్వాత బయటికి. ఈసారి హోమ్‌వర్క్ మార్చాను. ఎన్ని సెకన్లు చూశావు అన్న ప్రశ్నే లేదు. చూసి ఏం తెలుసుకొచ్చావు అన్నది ప్రశ్న. చాయ్ బండి ఆయన అలసిపోయి ఉన్నాడా? గార్డుకి మీసం ఉందా? కిరాణా కొట్టులో పెద్దాయన ఏ చేత్తో లెక్క రాస్తాడు? చూపు అనేది ఎదుటివాళ్లకి ఏదో చేసే పని అని ఇతని నమ్మకం. నిజానికి చూడటమంటే ఎక్కువగా తీసుకోవడమే. దాన్ని వివరించే బదులు, తీసుకునే పనే అప్పజెప్పాను. మొదటి వారంలోనే "గార్డుకి మీసం ఉంది మేడమ్, చెవిదగ్గర పుట్టుమచ్చ కూడా ఉంది" అని చెప్పాడు, భయం 35 అని రాశాడు.

ఒక రోజు క్లినిక్ దగ్గరి చాయ్ బండి దగ్గర అతన్ని దూరంగా నిలబెట్టి, నేను వెళ్లి చాయ్ ఆయన్ని కావాలనే కాస్త ఎక్కువసేపు చూశాను. ఏమవుతుందో ముందు రాయమన్నాను. "ఆయన మొహం చిట్లిస్తాడు, ఏం కావాలని కసురుతాడు" అని రాశాడు. ఆయన "ఇంకో చాయా మేడమ్?" అన్నాడు. తర్వాత వారం అదే పని అబ్బాయి చేశాడు. ఆయన అతనికీ ఇంకో చాయ్ పోశాడు.

కిరాణాలో ఒక రోజు పాత పద్ధతిలో, ఫోన్ చూస్తూ కొనమన్నాను, మర్నాడు డబ్బు ఇచ్చేటప్పుడు తల ఎత్తి ఒక్క మాట మాట్లాడమన్నాను. రెండు రోజుల తేడా రాసుకొచ్చాడు. మొదటిరోజు కొట్టాయన సంచి బల్లమీద పెట్టి పక్కకి తిరిగాడట. రెండోరోజు చేతికి అందించి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడట.

ఆడవాళ్ల విషయం

ఈ భాగం మీద నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాను. అతని భయంలో ఒక ముక్క నిజం. మన ఊళ్లలో, బస్సుల్లో ఆడవాళ్లని తేరిపార చూసే మగవాళ్లు ఉన్నారు, అది రోజూ పడే బాధ, నేనూ పడ్డాను. ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకోవడానికి హైదరాబాదులో 2014లో షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు పెట్టింది ఊరికే కాదు. "ఎవరైనా షీ టీమ్స్‌కి చెప్తే నా బతుకు ఏమవుతుంది" అని అతను అడిగినప్పుడు, అలా ఏమీ జరగదులే అని నేను తేలిగ్గా అనలేను. అతని భయాన్ని తగ్గించడానికి బస్సులో పక్కనున్న ఏ అమ్మాయినో అభ్యాసానికి వాడుకోవడం అంతకంటే తప్పు. ఆమె నా క్లయింట్ కాదు, ఆమెని ఎవరూ అనుమతి అడగలేదు.

అందుకని ఒక గీత గీశాం. మాట, డబ్బు, కాగితం, దారి, ఏదో ఒకటి ఇద్దరి మధ్య చేతులు మారుతున్న చోట చూపు సహజం, ఎదుటివాళ్లూ దాన్ని ఆశిస్తారు. కౌంటర్‌లో కస్టమర్, బస్సులో కండక్టరు, మందుల షాపులో అమ్మాయి. అక్కడే అభ్యాసం. ఏ పనీ లేని చోట, అంటే మెట్రోలో ఎదురు సీట్లో కూర్చున్న మనిషి దగ్గర, చూపు కలిస్తే ఒక్క క్షణం, తర్వాత మామూలుగా తిప్పుకోవడమే మర్యాద. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1963లోనే దీన్ని వర్ణించాడు. బహిరంగ స్థలాల్లో కొత్తవాళ్లు ఒకరినొకరు గుర్తించామన్నట్టు ఒకసారి చూసి, నిన్ను వింతగా చూడట్లేదులే అన్నట్టు చూపు వెనక్కి తీసుకుంటారని. ఇది చెప్పినప్పుడు అబ్బాయికి పెద్ద ఊరట కలిగింది. చూపు తిప్పుకోవడం ఓటమి అని కోర్సులో నేర్చుకున్నాడు, తిప్పుకోవడం కూడా చూపులో భాగమే అని ఎవరూ చెప్పలేదు. గీత తెలిశాక అటూ ఇటూ కాపలా కాయాల్సిన పని తగ్గింది. మెట్రోలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఎదురుదెబ్బ

అన్నీ సాఫీగా పోలేదు. మెట్రోలోనే ఒక పెద్దాయన "ఏం చూస్తున్నావ్?" అని గట్టిగా అన్నాడు. అబ్బాయి ఆయన చేతిలో ఉన్న సంచి మీద అచ్చువేసిన పేరు చదువుతున్నాడట. వారం రోజులు ఆ సంఘటనని తలలో తిప్పుకుంటూనే ఉన్నాడు, సెషన్‌కి రానని మెసేజ్ పెట్టాడు, మళ్లీ వచ్చాడు.

ఆయన తప్పు, నీ తప్పు కాదు అని సర్దిచెప్పడం తేలిక. నేను అలా చెయ్యలేదు, ఎందుకంటే రేపు ఇంకొకరు అంటారు, అన్న ప్రతిసారీ తప్పు ఎవరిదో తేల్చుకుంటూ కూర్చోలేం. "ఆయన అన్నాక ఏం జరిగింది? నిమిషం నిమిషం చెప్పండి" అన్నాను. "ఏం లేదు అన్నా, సంచి మీద పేరు చదువుతున్నా అన్నాను. ఆయన సంచి వైపు చూసుకున్నాడు. తర్వాత స్టేషన్‌లో దిగిపోయాడు." అంతే. ఏళ్ల తరబడి ఏది జరుగుతుందని భయపడ్డాడో అది జరిగింది, జరిగి ఒక స్టేషన్ దాటేలోపు అయిపోయింది. మిగతా వారమంతా అతని తలలో నడిచింది. ఆ తిప్పుకోవడాన్ని ఆపడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. జరిగింది ఒక్కసారి కాగితం మీద రాయాలి, ఎదుటివాళ్లు అన్నది, చేసింది మాత్రమే, తన ఊహలు లేకుండా. రాశాక ఆ కాగితం నా దగ్గరికి తేవాలి, మళ్లీ మనసులో విచారణ పెట్టకూడదు. మొదట కష్టపడ్డాడు గానీ పట్టుకున్నాడు.

ఇప్పుడు ఎలా ఉన్నాడు

చికిత్స ముగిసేనాటికి లీబోవిట్జ్ స్కోరు తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగింది. కౌంటర్‌లోనే కొనసాగుతున్నాడు. బస్సు ఎక్కుతున్నాడు, రద్దీ మరీ ఎక్కువైతే ఇప్పటికీ దిగిపోతాడు. మందు అవసరం పడలేదు. చిన్నపిల్లలు అన్నం తింటుంటే మాత్రం ఇంకా చూడడు. దాన్ని నేను కదపలేదు. అతని ఇంట్లో సగం మంది అలాగే చేస్తారు, దానివల్ల అతని బతుకులో ఏదీ ఆగట్లేదు, అతనూ మార్చుకోవాలని అడగలేదు.

తోటి ప్రాక్టీషనర్లకి

ఎవరైనా చూపు కలపలేనని వస్తే "వాళ్లు ఏమనుకుంటారని భయం?" అని ఆపెయ్యకండి, "మీరు చూస్తే వాళ్లకి ఏమవుతుందని భయం?" అని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో దారి మారిపోయే కేసులు ఉన్నాయి. రెండోది, అభ్యాసం చేస్తున్నా భయం అంకె కదలకపోతే ఇంకా ఎక్కువ అభ్యాసం ఇవ్వడం కంటే, ఆ క్షణంలో దృష్టి ఎక్కడుందో, రహస్యంగా ఏ జాగ్రత్త నడుస్తోందో వెతకండి. ఎదుటి మనిషి మొహంలో ఒక్క వివరం కూడా చెప్పలేకపోతే ఆ మనిషి అసలు చూడట్లేదు, తనని తనే చూసుకుంటున్నాడు. కనుబొమ్మల మధ్య, ముక్కు మీద, ఇన్ని సెకన్లు లాంటి చిట్కాలు భయం లేనివాళ్లకి హాని చెయ్యవు, భయం ఉన్నవాళ్లకి దయచేసి ఇవ్వకండి.

ఇంకొకటి. ఈ ప్రణాళికని ఒక ఆడపిల్లకి యథాతథంగా ఇవ్వొద్దు. కొత్తవాళ్ల కళ్లల్లోకి చూస్తే దాన్ని పిలుపు అనుకునే మగవాళ్లు ఉన్న చోట, ఆమె చూపు దించుకోవడం చాలాసార్లు జబ్బు కాదు, లెక్క చూసి తీసుకున్న నిర్ణయం. ఆమె విషయంలో ముందు రెండు జాబితాలు రాయించండి. ఏ చోట చూపు దించుకుంటే తనకి క్షేమం, ఏ చోట దించుకోవడం వల్ల పని, మాట, జీతం పోతున్నాయి. ఇంటర్వ్యూ గది, బ్యాంకు, డాక్టరు, కాలేజీ వైవా లాంటివి రెండో జాబితాలోకి వస్తే అభ్యాసం అక్కడ మొదలుపెట్టండి, మొదటి జాబితాలో ఏది ఉండాలో ఆమెనే చెప్పనివ్వండి.